అమెరికా పాత వెండి టీపాట్: ముద్ర కంటే ముందు చూడాల్సినవి

అమెరికాలో ఉంటున్న కొడుకో కూతురో ఎస్టేట్ సేల్‌లో కొని సూట్‌కేసులో పెట్టుకొచ్చి ఉంటారు. లేదా హైదరాబాద్ జుమేరాత్ బజార్‌లో ఇత్తడి సామాన్ల మధ్య నల్లబడి కనిపించి ఉంటుంది. ఎలా వచ్చినా, వెండి టీపాట్ చేతికందగానే అందరూ చేసే మొదటి పని దాన్ని బోర్లించి అడుగున ముద్ర వెతకడం. లండన్ వెండికి ఆ పద్ధతి సరిపోతుంది. అక్కడ కంసాలి చేసిన వస్తువును వేరే కార్యాలయం పరీక్షించి ముద్ర వేసేది. ఇక్కడ మనం చూసేది 1785 నుంచి 1815 వరకు చేసిన అమెరికా వెండిని. ఆ కాలంలో అక్కడ అలాంటి ఏర్పాటు దాదాపు లేదు. ఒక్క బాల్టిమోర్‌లో 1814లో మొదలైంది, 1830లో ముగిసింది. మిగతా ఊళ్లలో కంసాలి తన పేరో పొడి అక్షరాలో తానే కొట్టుకునేవాడు. ఒక ఉక్కు పంచ్ చెక్కించుకుంటే అదే పేరు ఎవరైనా కొట్టొచ్చు. కొట్టారు కూడా.

కాబట్టి ఈ వెండి విషయంలో ముద్ర ఆఖరి సాక్షి. ముందు ఆకారం, తర్వాత రేకు, చెక్కుడు, తూకం. ఇవన్నీ ఒక మాట మీద ఉన్నాకే ముద్ర దగ్గరికి వెళ్లాలి.

కావలసినవి కొంచెమే: పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, సన్నని వెలుగు పడే టార్చి, 0.1 గ్రాము వరకు చూపే ఎలక్ట్రానిక్ తూకం, కుట్టుపని టేపు, మందపాటి టర్కీ టవల్. పగటిపూట కిటికీ పక్కన కూర్చోండి. టీపాట్‌ను పిడి పట్టుకుని ఎత్తకండి. రెండు వందల ఏళ్ల చెక్క ఎక్కడ చీలి ఉందో పైకి తెలియదు. అడుగు కింద ఒక చెయ్యి, పక్కన ఒక చెయ్యి వేసి ఎత్తి, టవల్ మీద పెట్టండి. ఉంగరాలూ గాజులూ తీసేయండి.

ఆకారం

ఆ కాలపు అభిరుచి ఏమిటో తెలుసుకోవడానికి బోస్టన్ దాకా వెళ్లక్కర్లేదు. కోఠి మహిళా కళాశాల (ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం) ఆవరణలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీ ముందు పది నిమిషాలు నిలబడితే చాలు. 1803లో అప్పటి బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ హయాంలో పని మొదలైన భవనం అది. ఎత్తైన కొరింథియన్ స్తంభాలు, వాటి మీద త్రికోణపు ముఖం, కుడి ఎడమలు తూచినట్టు సమానం. 1738లో హెర్క్యులేనియంలో, 1748లో పాంపేలో తవ్వకాలు మొదలయ్యాక యూరప్‌కు పట్టుకున్న గ్రీకు, రోమన్ మోజు అది. ఇంగ్లండ్‌లో వాస్తుశిల్పి రాబర్ట్ ఆడమ్ దాన్ని ఇళ్లకూ ఇంటి సామానుకూ ఎక్కించాడు. మూసీ ఒడ్డున అది రెసిడెన్సీ అయింది. అదే తరంలో బోస్టన్, ఫిలడెల్ఫియా కంసాళ్ల బల్లల మీద టీపాట్ అయింది. ఆ నిటారుతనాన్నీ, తిన్నని గీతలనూ, సమానపు కొలతనూ కళ్లలో నింపుకుని ఇంటికి రండి. టీపాట్ మీద వెతకాల్సింది వాటినే.

అంతకు ముందు తరం పాట్లు బొద్దుగా, ఒంపుల కొమ్ముతో, ఆకులూ గవ్వలూ చుట్టుకుని ఉండేవి. ఈ కాలానికి ఒళ్లు నిటారుగా మారింది. ప్రధానంగా రెండు రూపాలు కనిపిస్తాయి. మొదటిది కోలగా ఉండే డబ్బా ఆకారం: నిలువు గోడలు, చదునైన అడుగు, మొదట్లో వెడల్పుగా ఉండి చివరికి సన్నబడే తిన్నని కొమ్ము. ఎత్తు సుమారు 15 నుంచి 18 సెంటీమీటర్లు, కొమ్ము కొస నుంచి పిడి వరకు 28 నుంచి 30 ఉంటుంది. రెండోది కలశం ఆకారం: సన్నని మెడ మీద నిలిచి, కింద నలుపలకల పీట. ఇది చూసి మన పూజ కలశాన్ని తలుచుకుంటే తప్పేం లేదు, రోమన్ అస్థికల కలశం నుంచే వచ్చింది కాబట్టి భావం మాత్రం వేరు.

డబ్బా ఆకారపు పాట్‌కు అడుగు చదునుగా బల్లకు ఆనుతుంది. వేడికి బల్ల పాలిష్ పోతుందని నాలుగు చిన్న కాళ్ల మీద నిలిచే పళ్లెం విడిగా చేసేవారు. ఈ పళ్లేలు ఎక్కువగా జత నుంచి విడిపోయాయి. మీ దగ్గర పళ్లెం ఉంటే పాట్ అడుగు అంచు దాని లోపల సరిగ్గా కూర్చోవాలి, రెండింటి మీదా అంచు నగిషీ ఒకే చేతిది కావాలి. సందు ఎక్కువ ఉంటే అది ఇంకో పాట్‌ది. జతలో మిగిలినవి చక్కెర కలశం (దీనికి మూత ఉంటుంది), తలకిందులు చేసిన శిరస్త్రాణంలా ఉండే పాల చెంబు, కప్పుల్లో మిగిలిన టీ ఆకు పారబోసుకునే గిన్నె. ఒకే తీరులో పూర్తి సెట్టు చేయించుకోవడం ఈ కాలంలోనే మామూలైంది. అంతకు ముందు ఒక్కో ముక్క ఒక్కోసారి కొనేవారు.

ఊరినిబట్టి తేడాలు ఉన్నాయి. ఫిలడెల్ఫియాలో కలశాల భుజం చుట్టూ కోటగోడలా నిలబడే చిన్న జాలీ అంచు, పూసల వరుస ఇష్టంగా చేసేవారు. ఆ జాలీ కనిపిస్తే ముందు ఫిలడెల్ఫియా పేర్లే వెతకండి: జోసెఫ్ రిచర్డ్‌సన్ జూనియర్, జోసెఫ్ లౌన్స్, జోసెఫ్ ఆంథోనీ, అబ్రహం డుబోయ్. వీరిలో రిచర్డ్‌సన్ 1795 నుంచి అమెరికా టంకశాలలో లోహ పరీక్షకుడిగా కూడా పనిచేశాడు. న్యూయార్క్‌లో డేనియల్ వాన్ వూర్‌హిస్, విలియం ఫోర్బ్స్, హ్యూ విషార్ట్ వంటివారు పేరున్నవాళ్లు. బోస్టన్ అనగానే పాల్ రెవియర్. అతని 1790ల పాట్లలో చాలావాటికి ఒళ్లంతా నిలువు గాళ్లు ఉంటాయి. పైన, కింద సన్నని చెక్కుడు పట్టీ, మధ్యలో కుచ్చులు వేలాడే తోరణం. టెంపుల్‌మన్ దంపతుల కోసం 1792–93లో అతను చేసిన టీ సెట్టు ఇప్పుడు మినియాపొలిస్ మ్యూజియంలో ఉంది. దాని ఫొటోలు ఆన్‌లైన్‌లో పెద్ద సైజులో చూడొచ్చు. మీ పాట్ పక్కన పెట్టుకుని పోల్చడానికి అంతకంటే మంచి నమూనా లేదు.

ఇక్కడో హెచ్చరిక. ఇదే ఆకారాన్ని వందేళ్ల తర్వాత మళ్లీ పెద్ద ఎత్తున చేశారు. 1876లో అమెరికా స్వాతంత్ర్యానికి నూరేళ్లు నిండినప్పటి నుంచి పాత ఫ్యాషన్ మీద మోజు పెరిగి ఫ్యాక్టరీలు రెవియర్ నమూనాలను దించాయి. ఆకారం సరిపోయిందంటే అది పాతదని కాదు, పాతదాన్ని చూసి చేసిందైనా కావచ్చు. అందుకే తర్వాతి మెట్టు.

రేకు, అతుకు

మొత్తం పనిలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. పాత తరం కంసాలి వెండి బిళ్లను సుత్తితో కొట్టి కొట్టి గిన్నెగా లేపేవాడు, దానికి నిలువు అతుకు ఉండదు. 1780ల నుంచి రోలింగ్ మిల్లులు వచ్చాయి. రెవియర్ కూడా 1785 ప్రాంతంలో ఒకటి సమకూర్చుకున్నాడు. ఒకే మందంతో రేకు దొరికేసరికి డబ్బా ఆకారపు పాట్‌ను కొట్టి లేపే అవసరం పోయింది. రేకును కోలగా వంచి, అంచులు కలిపి వెండి టంకం వేసి, అడుగు పలకను కింద అతికిస్తే సరి. పని తక్కువ, ధర తక్కువ. తిన్నని గోడల ఫ్యాషన్‌కు యంత్రం కూడా తోడైందన్నమాట.

కాబట్టి కోల డబ్బా పాట్‌లో నిలువు అతుకు ఉండాలి. మూత తెరిచి, టార్చి లోపలికి అడ్డంగా పట్టి, పిడి అతికే చోటు వెనక చూడండి. పై నుంచి కింది దాకా వెంట్రుక మందం గీత కనిపిస్తుంది, రంగు కొద్దిగా వేరు. బయట పిడి గొట్టాలు ఆ గీతను కప్పేస్తాయి. అతుకే లేకపోతే, లోపల గ్రామఫోన్ రికార్డు మీద ఉన్నట్టు సన్నని వలయాలు కనిపిస్తే, అది లేత్ మీద తిప్పి వత్తిన వస్తువు, తర్వాతి కాలానిది. కలశం ఆకారపు పాట్‌లో మాత్రం లోపల సుత్తి దెబ్బల అలలు కనిపించొచ్చు, అది మంచి సూచన.

అలాగే టార్చి పెట్టి కొమ్ము మొదట్లో చూడండి. కొమ్ము వెనక గోడకు చిన్న చిల్లులు పొడిచి ఉంటాయి, ఆకు జారకుండా జల్లెడలాగా. చేత్తో పొడిచినవి కాబట్టి వరుసలు కొంచెం వంకరగా, చిల్లుల సైజులు కొద్ది తేడాగా ఉంటాయి. అన్నీ అచ్చు వేసినట్టు ఒకేలా ఉంటే అనుమానించాలి. చిల్లులకు బదులు ఒకే పెద్ద రంధ్రం ఉంటే ఆ కొమ్ము తర్వాత అతికించింది కావచ్చు.

ఇప్పుడు అంచులు. కొమ్ము చివర, మూత అంచు, పీట మూలలు, పూసల వరుస పైభాగం: చెయ్యి ఎక్కువ తగిలే చోట్ల భూతద్దంతో చూడండి. ఎర్రగా రాగి తొంగి చూస్తుంటే అది షెఫీల్డ్ ప్లేట్ కావచ్చు, లేదా రాగి మీద తర్వాతి కాలపు కరెంటు పూత కావచ్చు. రాగి మీద వెండి రేకు కలిపి వత్తే షెఫీల్డ్ పద్ధతిని ఇంగ్లండ్‌లో 1740ల్లో కనిపెట్టారు. అదీ పాతదే, అందమైనదే, కానీ గట్టి వెండి కాదు, అమెరికా పనీ కాదు. పసుపు తిరిగిన బూడిద రంగు కనిపిస్తే జర్మన్ సిల్వర్ (పేరుకే సిల్వర్, రాగి, నికెల్, జింకు మిశ్రమం) మీద కరెంటు పూత. ఆ పద్ధతికి పేటెంటు 1840లో వచ్చింది, కాబట్టి దానిమీద ఎంత పాత ఆకారం ఉన్నా 1840కి ఇవతలిదే.

అడుగు పలక చుట్టూ, పిడి గొట్టాల మొదట్లో బూడిద రంగులో బొబ్బల్లాంటి ముద్దలు ఉంటే అది సీసం, తగరం కలిపిన మెత్తని టంకం. ఎవరో ఎప్పుడో తొందరపడి చేసిన మరమ్మతు. దీన్ని గుర్తుపెట్టుకుని రాసి ఉంచండి. తర్వాత ఏ కంసాలైనా దాని పక్కన గట్టి టంకం వేయడానికి మంట పెడితే సీసం వెండిలోకి దిగి రేకుకు చిల్లులు పడతాయి. చిన్న మరమ్మతుకు ఇచ్చిన పాట్ జల్లెడై తిరిగొచ్చేది ఇలాగే. మంట పెట్టే ముందు సీసాన్ని పూర్తిగా గీకి తీసేయాలని ముందే చెప్పాలి, ఆ మాటకు తల ఊపని చోట ఇవ్వకండి.

చెక్కుడు

ఆ కాలపు నగిషీకి ప్రత్యేకమైన తీరు ఉంది. మెరుగు పెట్టిన ఉలిని ఏటవాలుగా పట్టి వెండిని చిన్న చిన్న తునకలుగా లేపుతారు. లేచిన ప్రతి చోటా లోపలి గోడ అద్దంలా మెరుస్తుంది. 1785 నుంచి 1810 ప్రాంతం వరకు అమెరికా చెంచాల మీదా పాట్ల మీదా ఇదే పని. తోరణాలు, కుచ్చులు, డాలు ఆకారపు చట్రంలో ఇంటి యజమాని పొడి అక్షరాలు ఎక్కువ.

పరీక్ష సులభం. గది చీకటి చేసి ఒకే బల్బు వెలిగించి, పాట్‌ను నెమ్మదిగా తిప్పండి. మెరుపు ఒక కోత నుంచి పక్క కోతకు గెంతుతూ పోవాలి. గెంతకుండా మొత్తం ఒక్కసారే మసకగా మెరిస్తే కోతల అంచులు అరిగి గుండ్రబడ్డాయని అర్థం. పాలిష్ చక్రం మీద పెట్టిన వస్తువుకు ఇదే గతి. దీనికి విరుద్ధంగా, పాట్ మీద గీతలూ సొట్టలూ చాలా ఉండి, పేరు అక్షరాలు మాత్రం నిన్న చెక్కినంత పదునుగా ఉంటే ఆ అక్షరాలు కొత్తవి. చుట్టూ ఉన్న పాత గీతలు కోతను దాటుతున్నాయా, కోత దగ్గర తెగిపోతున్నాయా చూడండి. పాత చెక్కుడైతే గీత దాని మీదుగా పోతుంది, కొత్త చెక్కుడైతే గీతను కోసేస్తుంది.

పాత యజమాని అక్షరాలు చెరిపేసి ఉండటం మరో సమస్య. డాలు చట్రం ఖాళీగా ఉంటే దాని మీద నోటితో ఆవిరి ఊదండి. చెరిపిన చోట పాత కోతల నీడ క్షణం కనిపించొచ్చు. అక్కడ రేకు పలచబడి బొటనవేలితో మెల్లగా నొక్కితే లోపలికి వంగుతుంది. గట్టిగా నొక్కకండి. చెరిపిన పాట్ విలువ బాగా పడిపోతుంది, పైగా ఆ పలచని చోటే ముందు చిరుగుతుంది.

తూకం

పాట్ అడుగున సూదితో గీసినట్టు అంకెలు ఉన్నాయేమో చూడండి. అమ్మేటప్పుడు కంసాలి గీసిపెట్టిన బరువు అది, ట్రాయ్ ఔన్సుల్లో, పెన్నీవెయిట్‌లలో ఉంటుంది. ఒక ట్రాయ్ ఔన్సు 31.1 గ్రాములు, అందులో ఇరవై పెన్నీవెయిట్‌లు. హైదరాబాద్ వాళ్లకు ఇది గుర్తుపెట్టుకోవడం తేలిక: పాత తులాలు ఎనిమిదైతే ట్రాయ్ ఔన్సులు సరిగ్గా మూడు. ఇక్కడే కొంతమంది పొరపడతారు. ఇప్పుడు బజార్‌లో తులం అంటే 10 గ్రాములు, పాత తులం 11.66 గ్రాములు.

ఉదాహరణకు అడుగున 19 ఔన్సుల 10 పెన్నీవెయిట్‌లు అని ఉందనుకోండి. అంటే పందొమ్మిదిన్నర ఔన్సులు, పాత లెక్కలో సరిగ్గా 52 తులాలు, 606 గ్రాముల చిల్లర. కొత్త తులంతో గుణిస్తే 520 వస్తుంది, 86 గ్రాముల తేడా ఎక్కడిదని అనవసరంగా కంగారుపడతారు. ఇప్పుడు తూస్తే 590 వచ్చిందంటే సరే, రెండు శతాబ్దాల పాలిష్‌కు అంత అరగడం మామూలే. 540కి పడిపోతే ఏదో భాగం పోయింది, లేదా చక్రం మీద బాగా అరగదీశారు. 640 వస్తే ఇంకా ఆలోచించాలి, ఎందుకంటే వెండి తనంతట తాను పెరగదు. అడుగు మార్చారా, కొమ్ము మార్చారా, పిడి గొట్టాల్లో సీసం పోశారా చూడండి. కొందరు కంసాళ్లు చెక్క పిడితో కలిపి తూచేవారు, కొందరు పిడి పెట్టకముందు తూచేవారు. ఆ తేడాకు కొంత వదిలిపెట్టి లెక్కించాలి.

వెండా పూతా అన్నది చెంచా, చక్కెర చిమటా వంటి ముద్ద వస్తువులకు ఇంట్లోనే తేల్చొచ్చు. తూకం మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. చెంచాను విడిగా తూచి రాసుకోండి. తర్వాత దారానికి కట్టి, గ్లాసు అడుగుకూ గోడకూ తగలకుండా పూర్తిగా నీళ్లలో వేలాడదీయండి. తూకం చూపే అంకె దాని ఘనపరిమాణం. చెంచా 38 గ్రాములు, నీళ్లలో పెరిగింది 3.7 అయితే, భాగిస్తే 10.3 దగ్గర వస్తుంది. నాణెపు వెండికి (నాణేలు కరిగించి చేసిన, సుమారు 90 శాతం వెండికి) రావాల్సింది అదే. ఇత్తడి, జర్మన్ సిల్వర్ అయితే 8.4 నుంచి 8.8 మధ్య వస్తుంది. చెంచాకు బుడగలు అంటుకుంటే అంకె తప్పుతుంది, ముందు నీళ్లలో ముంచి తుడవండి. టీపాట్‌కు మాత్రం ఈ పద్ధతి వాడకండి. చెక్క నీళ్లు తాగుతుంది, బోలు పీటలో గాలి చిక్కి లెక్కంతా పాడవుతుంది.

ముద్ర

ఇప్పుడు బోర్లించొచ్చు. డబ్బా పాట్‌కు అడుగున, కలశానికీ పాల చెంబుకూ పీట అంచున లేదా అడుగున, చెంచాకు కాడ వెనక చూడాలి. రెవియర్ ఎక్కువగా తన ఇంటిపేరు పెద్ద అక్షరాల్లో దీర్ఘచతురస్రంలో కొట్టాడు. రిచర్డ్‌సన్ జూనియర్ అన్నదమ్ములు కలిసి పనిచేసిన రోజుల్లో ఐ, ఎన్, ఆర్ అక్షరాలు కొట్టారు. జోసెఫ్, నథానియెల్ రిచర్డ్‌సన్ అని దాని అర్థం. అప్పటి పెద్ద అక్షరాల్లో జే స్థానంలో ఐ రాయడం మామూలు. ఇది తెలియక చాలామంది ఐజాక్ అన్న పేరు కోసం వెతుకుతూ కూర్చుంటారు.

పంచ్‌తో కొట్టిన ముద్రకు లోపలి మూలలు పదునుగా ఉంటాయి, చుట్టూ వెండి కొద్దిగా ఉబ్బుతుంది. రేకు పలచనైతే వెనక వైపు చిన్న బొడిపె కనబడుతుంది. పోత పోసిన నకలులో అక్షరాల అంచులు మెత్తగా, వాటి మధ్య సూదిమొనలంత గుంటలు ఉంటాయి. ముద్ర ఉన్న ముక్క చుట్టూ సన్నని అతుకు గీత కనిపిస్తే పాడైన చెంచా నుంచి ముద్రను కోసి ఇక్కడ అతికించారన్నమాట.

గద్ద, నక్షత్రం, మనిషి తల వంటి చిన్న బొమ్మలు పేరు పక్కన ఉండొచ్చు. ఇంగ్లండ్ ముద్రలను తలపించాలని అమెరికా కంసాళ్లు కొట్టుకున్నవి ఇవి, వాటికి చట్టపరమైన అర్థం లేదు. నడిచే సింహం, దాని పక్కనే రాజు తల ఉంటే అది ఇంగ్లండ్ సరుకు. ఆ తల (రాజుదో, తర్వాత రాణిదో) పన్ను కట్టినట్టు గుర్తు, 1784 నుంచి 1890 వరకు వేశారు. 'స్టెర్లింగ్' అన్న ఇంగ్లిష్ మాట కొట్టి ఉంటే ఈ కాలానిది కాకపోవడానికే అవకాశం ఎక్కువ. అమెరికాలో ఆ మాట మామూలైంది పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో.

హైదరాబాద్ బజార్లలో ఇలాంటి ఆకారం దొరికితే అది అమెరికాది కావడం కంటే ఇంగ్లండ్‌ది, లేదా కలకత్తా హామిల్టన్ కంపెనీది, మద్రాస్ పి. ఓర్ అండ్ సన్స్‌ది కావడానికే అవకాశం ఎక్కువ. నిరాశ పడక్కర్లేదు, వాటికీ కొనేవాళ్లున్నారు. పేరు మార్చి అమ్మితేనే చిక్కు.

పేరు దొరికాక యేల్ విశ్వవిద్యాలయం, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం, బోస్టన్ లలితకళల మ్యూజియం, వింటర్‌తర్ మ్యూజియం వెబ్‌సైట్లలో అదే కంసాలి వస్తువులు వెతకండి. ముద్ర ఫొటోల్లో అక్షరాల మధ్య దూరం, చట్రం మూలలు, ఎక్కడైనా పంచ్ పగిలిన గుర్తు ఉందా పోల్చండి. పేరు ఒకటే అయితే చాలదు, పంచ్ కూడా అదే కావాలి.

దుకాణంలో పరీక్ష

చార్‌కమాన్‌లోనో సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లోనో ఎక్స్‌రే యంత్రంతో వెండి శాతం చూసే దుకాణాలు ఉన్నాయి. యంత్రం వస్తువును కోయదు కాబట్టి అది పర్వాలేదు. గీటురాయి, ఆకురాయి, యాసిడ్ చుక్క వద్దని ముందే గట్టిగా చెప్పండి. మూడు చోట్ల చూపించమనండి: అడుగు పలక, ఒంటి గోడ, మూత. అతుకు మీద పెడితే టంకం లెక్కే వస్తుంది.

ఫలితం 88 నుంచి 92 మధ్య వస్తే సంతోషించండి. అప్పటి కంసాళ్లు గిరాకీ తెచ్చిన స్పానిష్ డాలర్లు, పాత పాత్రలు కరిగించి చేసేవారు. 1792 చట్టం అమెరికా నాణేనికి నిర్ణయించిన వెండి 89.2 శాతం, 1837లో అది 90 అయింది. 92.5 (స్టెర్లింగ్ ప్రమాణం) లేదని "నకిలీ" అని తేల్చేసే దుకాణదారు మాట పట్టించుకోకండి. 99 దాటితేనే అనుమానించాలి, అది కరెంటు పూత కావచ్చు. యంత్రం పూర్తి జాబితా చూపితే బంగారం, సీసం జాడలు ఉన్నాయా చూడండి. పాత శుద్ధి పద్ధతిలో అవి పూర్తిగా పోయేవి కావు. జాడలేవీ లేని మరీ శుభ్రమైన వెండి ఆధునికం. అతుకులో కాడ్మియం కనిపిస్తే ఆ అతుకు ఇటీవలిది. ఉపరితలంలో వెండి శాతం లోపలి కంటే కొంచెం ఎక్కువ చూపుతుంది, ఆ మేరకు తగ్గించుకుని చదవాలి.

తుడవడం

నలుపు అంటే వెండి, గంధకం కలిసిన పొర. రుద్దిన ప్రతిసారీ ఆ పొరతో పాటు కాస్త వెండి కూడా పోతుంది. పండగ పండగకీ తోమే పూజ సామానులా దీన్ని చూడకూడదు. చింతపండు, నిమ్మకాయ వద్దు: పులుపు వెండిలోని రాగిని తింటుంది. టూత్‌పేస్ట్ గీతలు పెడుతుంది. అల్యూమినియం రేకు, వంటసోడా, వేడినీళ్ల చిట్కా నలుపును నిజంగానే తీసేస్తుంది. కానీ కోతల లోతులో ఉండాల్సిన నీడను కూడా తీసి చెక్కుడును చప్పగా చేస్తుంది, బోలు పీటలోకి సోడా నీరు చేరుస్తుంది. విభూతి మెత్తగా ఉన్నా అందులో ఇసుక రేణువు ఒక్కటి ఉంటే చాలు. దుకాణంలో "కొత్తదానిలా చేసిస్తాం" అని పాలిష్ చక్రం చూపిస్తే వస్తువు వెనక్కి తీసుకుని నడవండి.

చేయాల్సింది ఇది. మందుల గ్రేడు సన్నని కాల్షియం కార్బొనేట్ పొడి రెండు టీస్పూన్లు, డిస్టిల్డ్ వాటర్ కలిపి పలచని మజ్జిగలా చేయండి. దూదికి అద్ది, ఒక చేతివేలంత చోటును నిలువుగానే, ఒకే దిశలో నెమ్మదిగా రుద్దండి. గుండ్రంగా రుద్దకండి. దూది నల్లబడగానే పారేసి కొత్తది తీసుకోండి, నల్లబడిన దూదే గీతలు పెడుతుంది. చెక్కుడు పట్టీల మీద తేలిగ్గా, ముద్ర మీద అసలు వద్దు. చదును భాగాలు మెరిసి కోతలు ముదురుగా ఉన్న దశలో ఆపేయండి. డిస్టిల్డ్ వాటర్ అద్దిన దూదితో మూడుసార్లు తుడిచి, పాత మెత్తని నూలు గుడ్డతో వెంటనే ఆరబెట్టండి. చెక్క దగ్గర తడి గుడ్డ పెట్టకుండా పిడికి ప్లాస్టిక్ కవర్ చుట్టుకుంటే మంచిది. ఊదా రంగు మేఘాల్లాంటి మచ్చలు ఎంత రుద్దినా పోకపోతే వదిలేయండి. వేడిచేసినప్పుడు లోపలి రాగి కాలిన గుర్తు అది, అప్పటి పనిలో సహజం.

పిడి, బందు

పిడి నల్లరంగు వేసిన గట్టి చెక్క. వెండి గొట్టాల్లోకి దూర్చి అడ్డంగా మేకు వేస్తారు. మే నెల ఎండకు చెక్క కుంచించి పిడి వదులవుతుంది. ఫెవిక్విక్ వేయకండి, తర్వాత చెక్క పగలకుండా తీయలేరు. మేకును పక్కకు నెమ్మదిగా తోసి, చెక్క చుట్టూ సన్నని కాగితం పట్టీ ఒక చుట్టు చుట్టి మళ్లీ దూర్చి అదే మేకు వేయండి. వానాకాలంలో చెక్క ఉబ్బి బిగుసుకుంటుంది, కాబట్టి కాగితం రెండు చుట్లు వేయొద్దు. చెక్క మెరుపు పోయి ఉంటే ఏడాదికోసారి రంగులేని తేనెమైనం పలచగా పూయండి.

మూత బందు వదులైతే అలాగే వాడుకోండి. బందు పుల్ల మార్చడానికి వేడి అక్కర్లేదు, కానీ చాలామంది కంసాళ్లు మంట తీస్తారు.

టీ పోసుకోవచ్చా, ఎలా దాచాలి

సీసం మరమ్మతు లేకపోతే పోసుకోవచ్చు. నీళ్లు వేరే పాత్రలో కాచి, ఆకు వేసి, పాట్‌లో పోయండి. స్టవ్ మీద పెట్టకండి. మీ కంటపడని సీసం, తగరం టంకం ఎక్కడైనా ఉంటే అది 183 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, అడుగు ఊడి చేతికొస్తుంది. ఇరానీ చాయ్‌ను ఇందులో మరిగించే ఆలోచన వద్దు, కొమ్ము చిల్లుల్లో పాలు గడ్డకట్టి కడగడానికి దారి ఉండదు. వాడాక గోరువెచ్చని నీళ్లు లోపల మాత్రమే పోసి రెండుసార్లు తిప్పి పారబోయండి.

దాచేటప్పుడు రబ్బరు బ్యాండు ఎప్పుడూ వేయకండి. రబ్బరులో గంధకం ఉంటుంది, వెండి మీద నల్లని లోతైన గీత శాశ్వతంగా పడుతుంది. న్యూస్‌పేపర్, ఉన్ని గుడ్డ, పీవీసీ కవర్ కూడా వద్దు. బాగా ఉతికిన రంగులేని నూలు గుడ్డలో చుట్టి, జిప్ కవర్‌లో సిలికా జెల్ పొట్లం వేసి, పూజగదికీ వంటగదికీ దూరంగా ఉన్న బీరువాలో పెట్టండి. మూత తెరిచే ఉంచండి, మూసేస్తే లోపలి తడి పోదు. సిలికా జెల్‌ను జూన్‌లో ఒకసారి, సెప్టెంబర్‌లో ఒకసారి మార్చండి.